ఆ అమెరికా ఆవిడా, ఆవిడ అక్కా

వాకాడు,
కార్తీక మాసం, శుక్రవారం మధ్యాహ్నం.

చిరంజీవి రాజ్యానికి,

అక్క ప్రేమతో దీవిస్తూ రాసేది. ఇక్కడ నేనూ, మీ బావగారూ కులాసా. అక్కడ నువ్వూ, అమ్మా ఎలా ఉన్నారు? అమ్మకి మోకాళ్ళ నొప్పి తగ్గిందా? బాబయ్యగారు వచ్చి చూసి వెళుతున్నారా? గాలికి సన్నజాజి పందిరి పడిపోయిందని విన్నాను, మళ్ళీ వేయించారా? మూడు నెలలుగా నా దగ్గరనుంచి ఉత్తరం లేదని అమ్మ బెంగ పెట్టుకుందట. నాకు ఒంట్లో బాగానే ఉంది. నిజంగా బాగానే ఉంది.

ఒక్క మాట ముందే చెప్పాలి. ఇందులో మొదటి కాగితం మాత్రమే అమ్మది. ఎప్పటిలా ఎదురుగా కూర్చుని, నీ పెదవులు ఆవిడకి కనపడేలా నెమ్మదిగా చదివి వినిపించు. మిగతా కాగితాలు నీకొక్కదానికే.

అమ్మా, ఇక్కడ వానలు మొదలయ్యాయి. స్వర్ణముఖి నిండుగా పారుతోంది. సముద్రం మనకి కనపడదు కానీ దాని గాలి ఇల్లంతా తిరుగుతూనే ఉంటుంది. ఆరేసిన చీర రెండు రోజులైనా ఆరదు. అగ్గిపెట్టె చెమ్మగిల్లి పది పుల్లలు గీస్తే ఒకటి వెలుగుతుంది. ఉప్పు జాడీలో ఉప్పు తనంతట తనే నీరైపోతోంది. బియ్యం మాత్రం బంగారం. మొలగొలుకులు వండితే ఇల్లంతా వాసన. గూడూరునుంచి వచ్చిన నిమ్మకాయలు ఊరేశాను, బాగా కుదిరింది. పక్కింటి కాశింబీ గారు నేను "అండీ" అన్నప్పుడల్లా నవ్వుతుంది. "ఏందమ్మా, ఆ అండీలు లేకండా మీకు మాట రాదా?" అంటుంది. స్కూలుకి కరెంటు వచ్చింది, మా వీధికి ఇంకా రాలేదు. రోజూ మధ్యాహ్నం మాత్రం కాస్త దిగులుగా ఉంటుంది, అంతే. ఆయన స్కూల్లో ఉంటారు, వీధిలో మనిషి ఉండడు, సరుగుడు తోటలో గాలి ఒకటే హోరు. అయినా నాకు అలవాటైపోయింది, నువ్వు బెంగపడకు. ఎవరైనా ఇటు వస్తుంటే గుమ్మడి వడియాలూ, కనకాంబరం విత్తనాలూ పంపించు. నీ ఆశీస్సులు ఉంటే నాకేం లోటు?

రాజ్యం, అమ్మ కాగితం అయిపోయింది. ఇక నీతో.

నువ్వు మీ బావగారికి పంపిన పుస్తకం దారిలో పోలేదు. నాకు చేరింది. నేనే దాచాను.

ఈ మాట రాయడానికి నాలుగు కాగితాలు చింపేశాను. ఇప్పుడు రాసేశాను కాబట్టి మిగతాది మొదటినుంచీ చెప్తాను.

వేసవి సెలవుల్లో మద్రాసునుంచి ఆయనకి ఒక ఉత్తరం వచ్చింది కదా. కాలేజీలో ఆయనకి ఇంగ్లీషు చెప్పిన మాస్టారు ఒక ప్రచురణ సంస్థకి సలహాదారుగా ఉన్నారట. అమెరికా రచయితల మీద తెలుగులో చిన్న చిన్న పుస్తకాలు వేస్తున్నారు, అందులో ఒక కవయిత్రి జీవితం, ఆవిడ మీద పడిన ప్రభావాలు, ఈ రెండూ మీ బావగారు రాయాలి అని. ఆ రోజు ఆయన ముఖం చూడాలి నువ్వు. పెళ్ళిలో కూడా అంత వెలుగు లేదు. ఆ రోజునుంచీ ఆ కవయిత్రి మా ఇంట్లో కాపురం పెట్టింది. ఆవిడ పేరు నీకు తెలుసు. నేను రాయను. ఆ పేరు నా సొంత ఉత్తరంలో రాయడం నాకు ఇప్పటికీ ఇష్టం లేదు.

అన్నం దగ్గర ఆవిడే. నీళ్ళు తోడుతుంటే ఆవిడే. "ఆమె మంచులో నాలుగు మైళ్ళు నడిచేది, తెలుసునా?" అంటారు. కూరలో ఉప్పు సరిపోయిందా అంటే "ఆమె ఉప్పుగాలి గురించి ఎంత బాగా రాసినాదో" అంటారు. ఏదో పత్రికలోంచి ఆవిడ బొమ్మ కత్తిరించి బల్ల మీద గోడకి అంటించారు. పొడుగు ముక్కు, గడ్డం కిందిదాకా బొత్తాలు, నవ్వని మొహం. నేను రోజూ ఆ బల్ల తుడిచేటప్పుడు ఆవిడ నన్ను చూసేది. ఎన్నడో పోయిన మనిషి మీద ఇంత మంట ఏమిటని నాకే నవ్వు వచ్చేది. అంతవరకూ నవ్వే.

తరవాత నువ్వు వచ్చావు.

మీ కాలేజీ లైబ్రరీలో ఆవిడ మీద పుస్తకాలు ఉన్నాయని ఆయన నీకు రాశారు. నువ్వు నాలుగు పేజీల జవాబు రాశావు. ఆయన దాన్ని వరండాలో నిలబడి నాకు చదివి వినిపించారు. "చూడు, నీ చెల్లెలు ఎట్టా రాసిందో! నాకు తట్టనే లేదు ఈ మాట!" అన్నారు. ఆ ఉత్తరం చివర "అక్కని అడిగానని చెప్పండి" అని ఉంది. నాలుగు పేజీల్లో నాకు మూడు మాటలు. రెండో ఉత్తరంలోనూ అంతే. మూడోదానికి ఆయన అది కూడా చదవడం మానేశారు.

ఒకరోజు ఉండబట్టలేక, "ఆవిడ పద్యాల్లో ఏముందో నాకూ ఒకటి చెప్పండి" అన్నాను. ఆయన రాసుకుంటూనే, "నీకెందుకులే ఈ గోల. రాజ్యం ఉంటే మాట్లాడుకోను బాగుండు" అన్నారు. చెడ్డగా అనలేదు. మామూలుగా అన్నారు. నేను లోపలికి వెళ్ళి పప్పు రుబ్బుతూ కూర్చున్నాను.

నీకు ఏ బి సి డిలు నేర్పింది ఎవరు రాజ్యం? జ్వరం తగిలి అమ్మ చెవులు పోయినప్పుడు నేను ఫిఫ్త్ ఫారంలో ఉన్నాను. ఇంగ్లీషులో క్లాసుకి మొదటిదాన్ని. ఇంట్లో ఒకరు ఉండాలి అన్నారు, నేను ఉండిపోయాను. అప్పుడు నాకు బాధ అనిపించలేదు. నువ్వు జడలు వేయించుకుని బడికి వెళుతుంటే గుమ్మంలో నిలబడి గొప్పగా చూసేదాన్ని. అంత గొప్పగా చూసినదాన్ని, నీ ఉత్తరం వస్తే ఎందుకు ఓర్చుకోలేకపోయేదాన్నో నాకే తెలియదు. కాదు, తెలుసు. నాది కావలసిన మాట నీ నోట వింటున్నట్టు ఉండేది.

శ్రావణంలో ఆయన ట్రైనింగుకని వారం రోజులు నెల్లూరు వెళ్ళారు. ఆ వారంలోనే నీ పార్సిలు వచ్చింది. పోస్టుమాన్ మస్తాన్ సాయెబు, మా పక్కింటి కాశింబీ గారి భర్తే, వానలో తెచ్చి ఇచ్చారు. పైన నీ దస్తూరి. "బావగారికి" అని. నేను దాన్ని విప్పాను, చూశాను, పెట్టెలో అడుగున నా పెళ్ళి పట్టుచీర కింద పెట్టాను. ఆయన వచ్చాక చెబుదామనే అనుకున్నాను, ఒట్టు. ఆయన బస్సు దిగి ఇంట్లోకి వస్తూనే చెప్పులైనా విప్పకుండా, "రాజ్యం కాడినుంచి ఏమైనా వచ్చిందా?" అన్నారు. లేదన్నాను.

ఒకసారి లేదన్నాక, మర్నాడు ఉంది అనడం ఎంత కష్టమో నీకు తెలియదు. తెలియకుండానే ఉండాలి నీకు.

నువ్వు పంపానని రాశావు. ఆయన మా వాకిట్లో మస్తాన్ సాయెబుని అడిగారు, పోస్టాఫీసుకీ వెళ్ళి అడిగి వచ్చారు. తరవాత నీ ఉత్తరం ఇంకొకటి వచ్చింది. ఆ లైబ్రరీ పుస్తకం తిరిగి అప్పగించేదాకా నీకు మరొకటి ఇవ్వబోమన్నారనీ, పరీక్షలకి స్నేహితురాలి పుస్తకం అరువు తెచ్చుకుని చదువుతున్నాననీ, ఫరవాలేదు బావగారూ అనీ. అది కూడా ఆయన పైకి చదివారు. నేను వింటూ బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. ఏరినవే మళ్ళీ ఏరాను. రాజ్యం, ఆ రోజు కూడా నేను పెట్టె తెరవలేదు. నన్ను క్షమించమని అడిగేది ముఖ్యంగా ఆ రోజుకే.

మధ్యాహ్నాలు మాత్రం తెరిచేదాన్ని. ఆయన స్కూలుకి వెళ్ళగానే తలుపు వేసుకుని, ఆయన డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివేదాన్ని. మొదట్లో రోజుకి ఒక పేజీ. తరవాత రెండు. ఆవిడలో ఏముందో, మీ ఇద్దరికీ ఏం కనిపించిందో చూద్దామని మొదలుపెట్టాను. ఏమీ లేదని తేలితే బాగుండుననే ఆశ.

నీకు తెలిసిందే అయినా నేను చదివింది నేను చెప్తాను, విను. వాళ్ళది చలి సముద్రం ఒడ్డున చిన్న రేవు. తండ్రి ఓడలకి తెరచాపలు కుట్టేవాడు. తల్లి దగ్గు జబ్బుతో పోయింది. ఇద్దరే ఆడపిల్లలు. చర్చిలో పాదిరిగారు చిన్నదాని తెలివి చూసి తన పుస్తకాలన్నీ ఇచ్చాడు. ఆయన పాడించే కీర్తనల నడక ఆవిడ పద్యాల్లోకి వచ్చిందట. రేవులో తాళ్ళు లాగే కళాసీల పాటలు వచ్చాయట. మన దేశపు వేదాంతం ఎవరో ఇంగ్లీషులో పెడితే అదీ చదివిందట. పెద్ద ఊళ్ళో ఒక పత్రిక సంపాదకుడు, పంక్తులు ఇంత పొట్టిగా రాయకు, అందరిలా నిండుగా రాయి అని ఏళ్ళ తరబడి ఉత్తరాలు రాశాడట, ఆవిడ వినలేదట. పుస్తకంలో ఈ ముగ్గురు నలుగురికీ ఒక్కొక్క అధ్యాయం ఉంది.

మరి ఇల్లెలా గడిచింది? నాకు అదే అనుమానం. పొద్దస్తమానం పుస్తకాలు చదివి, ఒడ్డున నడిచి, పద్యాలు రాస్తుంటే, వండిందెవరు? తండ్రికి చూపు తగ్గి తెరచాపల పని మానేశాక తెచ్చి పెట్టిందెవరు? చివరికి ఒకచోట దొరికింది, రెండు పంక్తులు. ఆవిడకి ఒక అక్క. పద్నాలుగేళ్ళ వయసునుంచీ బట్టల మిల్లులో మగ్గం దగ్గర పని. మగ్గాల చప్పుడుకి ముప్ఫై ఏళ్ళు వచ్చేసరికి రెండు చెవులూ పోయాయి. చెల్లెలు సాయంత్రాలు తన పద్యాలు ఆమెకి చదివేది. అంతే. ఆమె పేరు ఆ పుస్తకంలో ఒకే ఒక్కసారి వచ్చింది.

ఆ రోజు నాకు ఆవిడ మీద ఎంత కోపం వచ్చిందనుకున్నావు! గోడ మీది బొమ్మ చింపేద్దామని లేచాను. చెవులు వినపడని అక్క ముందు కూర్చుని పద్యాలు చదివావా, నీ అక్క ఏమిచ్చి నీకా తీరిక కొనిపెట్టిందో తెలుసా అని. అలా లేచిన దాన్ని అలాగే నిలబడిపోయాను. అమ్మ గుర్తొచ్చింది. అమ్మతో మనం ఎలా మాట్లాడతాం? పొట్టి మాటలు. ఒక మాట చెప్పి ఆగుతాం. ఆవిడ మొహం చూస్తాం, అందిందని తెలిశాక రెండోది. పెద్ద మాట అయితే చిన్నదిగా మారుస్తాం. వెంటనే పేజీలు వెనక్కి తిప్పి చూశాను. కవయిత్రి పంక్తులు పొట్టిగా అయింది, మధ్య మధ్య ఆగడం మొదలుపెట్టింది ఎప్పుడని అక్కడ రాశారు. ఇక్కడ అక్క చెవులు పోయింది ఎప్పుడని రాశారు. రెండూ ఒకటే కాలం. పుస్తకం రాసినాయన ఈ రెండు సంగతులనీ వంద పేజీల దూరంలో పెట్టి, ఆ పొట్టి పంక్తులకి కీర్తనలు కారణమని రాసుకుపోయాడు. అది కీర్తన కాదు రాజ్యం. అక్క పెదవులు చూసి అర్థం చేసుకోవాలని అలా రాసింది. నేను అమ్మతో అన్నేళ్ళు మాట్లాడిన దాన్ని, నాకు తెలియదా?

తెలిసింది సరే, ఎవరికి చెప్పను? చెబితే పుస్తకం ఎక్కడిదంటారు. చిన్న చిన్న కాగితాల మీద తెలుగులో రాసి ఆ పేజీల మధ్యే పెట్టాను.

ఇంతలో ఆయన విసిగిపోయి పోస్టల్ పై ఆఫీసుకి ఫిర్యాదు రాశారు. నాకు చెప్పలేదు. నాకు చెప్పింది మస్తాన్ సాయెబే. పదిహేను రోజుల కిందట ఉదయం, ఆయన స్కూలుకి వెళ్ళాక, గడప బయట నిలబడ్డారు. చేతిలో ఉత్తరాలేమీ లేవు.

"అమ్మా, సోమవారం గూడూరునుంచి ఇనస్పెక్టరు వస్తా ఉండాడు. ఆ బుక్కు పార్సిలు గురించి నన్ను అడుగుతాడు."

"మీకేం కాదులెండి" అన్నాను.

"ఆ పొద్దు వాన. గొడుగు పార్సిలుకి పట్టి నేను తడిసినా. మీ చేతికే ఇచ్చినాను. మీరు తువ్వాల తెచ్చి తుడుచుకోమన్నారు. నాకు బాగా జ్ఞాపకం ఉండాది."

"మరి ఆయనతో ఎందుకు చెప్పలేదండీ?"

ఆ పెద్దాయన తల వంచుకున్నారు. "అయ్యగారు నన్ను అడిగినప్పుడు మీరు తలుపు కాడ నిలబడుండారు. మీ మొహం చూసినా. దూరంనుంచి వచ్చిన ఆడబిడ్డ, ఏం ఇబ్బందో ఏమో, ఇంట్లో గొడవ అవుతాదని జ్ఞాపకం లేదని చెప్పేసినా. ఇప్పుడు ఆ మాటే నా మెడకు చుట్టుకుంది. ఇరవై రెండేండ్ల సర్వీసమ్మా. నా చేతిలో ఒక కార్డు ముక్క పోలేదు."

నన్ను ఒక్క మాట అనలేదు రాజ్యం. తిడితే బాగుండేది.

ఆయన మధ్యాహ్నం భోజనానికి వచ్చేసరికి విస్తరి పక్కన పుస్తకం పెట్టాను. ఆయన దాన్ని చూసి, నన్ను చూసి, "ఇదేంది? ఎప్పుడు వచ్చింది?" అన్నారు.

"శ్రావణంలో. నేనే దాచాను."

"ఎందుకు?"

"మీరు నాతో మాట్లాడటం లేదని. రాజ్యంతో మాట్లాడుతున్నారని."

ఆయన కలిపిన ముద్ద అలాగే వదిలేసి చెయ్యి కడుక్కున్నారు. "నా మీద కోపముంటే నన్ను అడగాల. ఆ పెద్దాయన కూడు పోయేది, తెలుసునా నీకు?" అన్నారు. చొక్కా తొడుక్కుని, "పోస్టాఫీసుకి పోయొస్తా" అన్నారు.

"నేనూ వస్తాను. నేనే చెప్పాలి" అన్నాను.

మిట్టమధ్యాహ్నం ఎండలో ఇద్దరం నడిచాం. ఆయన ముందు, నేను పది అడుగులు వెనక. పోస్టుమాస్టరు గారి ముందు నేనే చెప్పాను. పార్సిలు నాకు అందింది, తప్పు నాది అని. మీ బావగారు ఫిర్యాదు వాపసు తీసుకుంటూ కాగితం రాసి ఇచ్చారు. మస్తాన్ సాయెబుకి చేతులు జోడించాను. "దొరికింది గదమ్మా, అది చాలు" అన్నారు. కాశింబీ గారు మాత్రం చాలు అనలేదు. నాలుగు రోజులు నా వైపు చూడలేదు. ఐదో రోజు గోడ మీదనుంచి, "మా ఆయన మీ వల్ల మూడు దినాలు అన్నం తినలా. నువ్వు తిన్నావా?" అంది. తిన్నానని ఒప్పుకున్నాను. అప్పుడు మాట్లాడటం మొదలుపెట్టింది.

మీ బావగారు రెండు రోజులు నాతో అవసరానికి తప్ప మాట్లాడలేదు. పుస్తకం మాత్రం చదువుతున్నారు. మూడోనాటి ఉదయం నా కాగితాలు గుప్పిట్లో పట్టుకుని వంటింట్లోకి వచ్చారు.

"ఇవి ఎవురు రాసినారు?"

"ఇంట్లో ఇంకెవరున్నారు?"

ఆయన అక్కడే పీట మీద కూర్చున్నారు. "ఆ అక్క సంగతి ఇంకొకసారి చెప్పు" అన్నారు. చెప్పాను. అమ్మతో మనం మాట్లాడే తీరు చెప్పాను, చేసి చూపించాను. పాలు పొంగిపోయాయి, ఇద్దరం చూడలేదు. పెళ్ళయ్యాక ఆయన నా మాట అంతసేపు వినడం అదే మొదలు. చివరికి, "ఇది పుస్తకం రాసిన ఆయనకే తట్టలేదు. నాకూ తట్టలేదు. మంచి మాట పట్టినావు" అన్నారు. నా కళ్ళు నిండాయి. వెంటనే ఏమన్నారో తెలుసా? "రాజ్యానికి రాసి అడుగుదాం. ఆ పిల్ల సరేనంటే పెడదాం."

నిండిన కళ్ళు అలాగే ఆరిపోయాయి. "అక్కర్లేదు. మా అమ్మ చెవుల సంగతి నాకు ఒకరు సరేననక్కర్లేదు" అన్నాను. ఆయన ఉలిక్కిపడి, తరవాత మెల్లిగా నవ్వారు. అడగలేదు.

నిన్న వ్రాతప్రతి మద్రాసుకి వెళ్ళిపోయింది. శుద్ధప్రతి అంతా నేనే రాశాను. అక్క గురించిన అధ్యాయం నా మాటల్లోనే ఉంది, ఆయన అక్కడక్కడా సర్దారు. ముందుమాటలో మొదట "పుస్తకం పంపిన విదుషి, మా మరదలు రాజ్యలక్ష్మికీ, శుద్ధప్రతి రాసిన నా భార్యకూ కృతజ్ఞతలు" అని రాశారు. కలం నా చేతిలోనే ఉంది. మార్చి రాసినా ఆయన గమనించి ఉండరు. దాచడం వల్ల ఏమవుతుందో చూసిన దాన్ని కాబట్టి, వెళ్ళి ఎదురుగా అడిగాను. ఆయన నాలుక కరుచుకుని, ఆ అధ్యాయం తన భార్య కామేశ్వరి ఆలోచన అని రాశారు. ఎవరి పేరు ముందు ఉండాలని కూడా అడిగారు. నాది ముందు పెట్టమన్నాను. సిగ్గు లేకుండా చెప్తున్నాను నీకు.

నీ పుస్తకం ఈ ఉత్తరంతోపాటే రిజిస్టరులో పంపుతున్నాను. కాగితాలన్నీ తీసేశాను, అట్ట మీద ఒక్క మరకైనా పడలేదు. లైబ్రేరియన్ గారికి ఆలస్యం నా వల్లనే జరిగిందని, నీ తప్పేమీ లేదని నేను వేరే ఉత్తరం రాసి అందులోనే పెట్టాను. అది ఆయనకి ఇవ్వు. ఏమైనా చీవాట్లు పెడితే నాకు రాయి, దాచకు. పరీక్షలు బాగా రాయి. తలకి నూనె పెట్టుకో. వేళకి తిను. ఇక్కడ మేము కులాసా, ఆ మాట అబద్ధం కాదు. బాబయ్యగారికీ, పిన్నికీ నా నమస్కారాలు. అమ్మ పాదాలకి నా బదులు నువ్వు దణ్ణం పెట్టు.

నీ మీద ఈర్ష్య పోయిందని రాయాలని ఉంది. పోలేదు. నువ్వు డిగ్రీ పుచ్చుకున్న రోజున సంతోషిస్తాను, ఆ రోజు కూడా ఒక మూల మండుతుంది. అది ఉందని తెలిసే నన్ను అక్కా అని పిలుస్తావో లేదో నీ ఇష్టం.

ఆ పుస్తకంలో చివర ఒక పట్టిక ఉంది, ఆ కవయిత్రికి ఎవరెవరు రాసిన ఉత్తరాలు దొరికాయో అని. పాదిరివి ఉన్నాయి, సంపాదకుడివి ఉన్నాయి. అక్కది ఒక్కటీ లేదు. ఒకే ఇంట్లో ఉన్నవాళ్ళు, రాసే పని పడలేదేమో. ఆమె మనసులో ఏముండేదో ఇంక ఎవరూ చెప్పలేరు. నేను మాత్రం నాకున్నది ఉన్నట్టు రాశాను. నీకు కోపం వస్తే రానీ, నాకు రాయి. ఈసారి పైన నా పేరు పెట్టి రాయి.

నీ మేలు కోరే అక్క,
కామేశ్వరి